పదహారో దెబ్బ

తూర్పు కొండల అంచున పగడపు రంగు పొంగింది. వెండి జలతారు పరిచినట్టున్న మంచు వాలుల మీద, ఆకాశానికి నిచ్చెనలు వేసినట్టు నిలిచిన దేవదారుల మీద, పేరు తెలియని నీలిపువ్వులు విరగబూసిన లోయ అంచుల మీద ఆ కాంతి జారుతూ వచ్చి, చివరికి వంతెనమెట్ట కొసన నిలబడ్డ మణికర్ణుడి ముఖాన పడింది. అంతటి ఉదయాన్ని చూస్తే ఎంత కఠినుడైనా ఒక్క క్షణం నోరు తెరవాలి. మణికర్ణుడు తెరవలేదు. ఎదురుగా ఉండవలసిన వంతెన లేదు. అతను ఆ లేని వంతెననే చూస్తున్నాడు.

శంఖదుర్గానికి వెళ్ళే గొలుసుల వంతెన అది. మాంత్రికుడు తుహినదంష్ట్రుడు దాన్ని పుల్ల విరిచినట్టు విరిచి అగాధంలో పారేశాడు. అంతటితో ఆగక, అవతలి కొండ మీద తిమ్మిరిమంచు ఊదాడు. ఆ మంచు సోకినవాడికి ముందు పాదాలు మొద్దుబారతాయి, తర్వాత మోకాళ్ళు, తర్వాత నడుము. గుండెదాకా పాకిందా, ఇక అంతే సంగతులు. దానికి విరుగుడు ఒక్కటే ఉంది. ఎర్రకొండ తేనెటీగలు పెట్టే నిప్పుతేనె. ఆ తేనె కుండలు పెరికె సంచుల్లో మోసుకుని ఎడ్ల బిడారు ఒకటి మణికర్ణుడి వెనకాలే నిలబడి ఉంది. దాన్ని శంఖదుర్గానికి చేర్చే దళవాయి అతనే. ఆ దుర్గంలో నగారా వాయించే తరళిక అతని చెల్లెలు.

మణికర్ణుడికీ ఆ మంచు సోకింది. మాంత్రికుడితో ముఖాముఖి తలపడ్డ రోజున ఎడమచెయ్యి మోచేతిదాకా చచ్చుపడింది. చేత్తో పోతే బాగుండేది, మనసు కూడా మొద్దుబారింది. తరళిక చచ్చిపోతుందేమో అని అతను అనుకున్నాడు. అనుకున్నా ఏమీ కాలేదు. ఆకలి లేదు, కోపం లేదు, దిగులు లేదు. ఒప్పుకున్న పని గనక చేస్తున్నాడు, అంతే.

"వంతెన పోయింది గదా?" అన్నాడు వంతెనమెట్ట కాపరితో.

కాపరి పేరు కఠారినాయకుడు. మీసాలు చెవులదాకా, నిజాయితీ మీసాలకంటే బారు. "పోయింది దళవాయిగారూ. నా కళ్ళముందే పోయింది. దారి లేదని పదహారు వాయిద్దామని కర్ర ఎత్తాను కూడా. అంతలో తుమ్మమెట్ట నుంచి బొల్లినాయకుడు శంఖదుర్గం రెండే మజిలీలని వాయించాడు. నాకు పోతేనేం, వాడికి ఉంది గదా! రెండుకి ఒకటి కలిపితే మూడు. మీరు తుమ్మమెట్టకి దయచెయ్యండి."

"మేము వచ్చింది అక్కణ్ణుంచే."

"అయితే దారి మీకు తెలిసిందే, ఇంకా మంచిది," అన్నాడు కఠారి.

ఈ రాజ్యపు ఆచారం తెలియనివాళ్ళకి కఠారినాయకుడు మతిలేనివాడిలా కనిపిస్తాడు. కాదు. మేఘశృంగ రాజ్యంలో దారుల పటమన్నది లేదు, ఉండకూడదని శాసనం. పూర్వం ఒక రాజు, పటం దొంగిలించిన శత్రువు చేతిలో సగం రాజ్యం పోగొట్టుకుని, ఆ కోపంలో పటాలన్నీ తగలబెట్టించాడు. అప్పటి నుంచి కొండకో నగారా మెట్ట, మెట్టకో కాపరి. ఆ కాపరికి తన ఇరుగు పొరుగు మెట్టలు తప్ప ప్రపంచం తెలియదు. పొద్దునా సాయంత్రమూ, ఒక్కో దిక్కుకి ఒక్కో నగారా పెట్టుకుని, తనకు తెలిసింది వాయిస్తాడు. ప్రతి కోటకీ ఒక దరువు ఉంటుంది. దరువు వెనక ఎన్ని దెబ్బలు పడితే ఆ కోట అన్ని మజిలీల దూరం. మజిలీ అంటే ఒక పూట నడక. పొరుగువాడు అది విని ఒకటి కలుపుకుని తన పొరుగువాడికి వాయిస్తాడు. ఇద్దరు పొరుగువాళ్ళు వేరువేరు లెక్కలు చెబితే తక్కువ దెబ్బలు వేసినవాడి మాటే మాట. బాటసారుల్ని అటే పంపుతాడు. పదహారు దెబ్బలు పడితే మాత్రం దారి లేదని అర్థం, ఎందుకంటే ఆ రాజ్యంలో ఎంత మూలనున్న కోటైనా పదిహేను మజిలీలు దాటదు.

ఇంత చిన్న లెక్కతో అంత పెద్ద రాజ్యం సాఫీగా నడిచిపోతోంది. ఎక్కడో ఒక కొత్త కోట కడితే, నాలుగు రోజులు తిరిగేసరికి ప్రతి మెట్టకీ దానికి దారి తెలిసిపోయేది. మంచి కబురు గుర్రమెక్కి వచ్చేది. చెడ్డ కబురు ఎలా నడుస్తుందో చూడవలసిన అవసరం అంతవరకూ ఎవరికీ రాలేదు.

ఇంకో నిషేధం కూడా ఉంది. కాపరిని 'ఎంత దూరం' అని అడగవచ్చు. 'ఏ దారిన' అని అడగకూడదు. పొరుగు కాపరి కూడా అడగకూడదు. అడిగినవాడు పటం గీసుకునే గూఢచారి కింద లెక్క, వాడి మీద కత్తి దూసే హక్కు కాపరికి ఉంది.

సరే, బిడారు వెనక్కి తిరిగింది.

సాయంకాలానికి తుమ్మమెట్ట చేరారు. బొల్లినాయకుడు పొట్టివాడు, గుండ్రటివాడు, అతిథి మర్యాద తెలిసినవాడు. అందరికీ మజ్జిగ పోయించి, "శంఖదుర్గానికా? వంతెనమెట్ట మూడని వాయించింది. మూడూ ఒకటీ నాలుగు. పొద్దున్నే బయల్దేరి వంతెనమెట్టకి వెళ్ళండి," అన్నాడు.

మర్నాడు వంతెనమెట్టలో కఠారి అయిదన్నాడు. అటు తర్వాత బొల్లి ఆరన్నాడు.

ఆ దారిలో వీళ్ళొక్కరే లేరు. శంఖదుర్గానికి ఉప్పు తీసుకుపోయే వర్తకులున్నారు. దుర్గంలోని పిల్లని చేసుకోబోయే పెళ్ళికొడుకూ, వాడి మేళతాళాలూ ఉన్నాయి. ఒకే కోటకి వెళ్ళవలసిన రెండు గుంపులు నడిదారిలో ఎదురయ్యేవి, ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి. మొదటిరోజు పలకరించుకున్నారు. రెండోరోజు తలలూపుకున్నారు. ఆ తర్వాత అదీ మానేశారు. పెళ్ళికొడుకు బాసికం జేబులో పెట్టేసుకున్నాడు. సన్నాయివాడు ఊదడం మానేసి సన్నాయిని చేతికర్రలా ఊనుకుంటూ నడిచాడు. ఎవరికీ కోపం రాలేదు. కాళ్ళు అరిగి, మనసులు అరిగి, ఎక్కడికి అన్నది మరచి నడవడం ఒక్కటే మిగిలింది. మంచు సోకకుండానే వాళ్ళందరికీ తిమ్మిరి పట్టింది.

బిడారు పెద్ద నల్లోబన్న ఒక్కడికే ఇంకా నోరు మిగిలింది. "ఏంది సామీ ఇది, మనం గానుగెద్దులమా? గానుగైతే నూనన్నా రాలుతాది. మనకేం రాల్తాండాది?"

"లెక్క పెరుగుతోంది," అన్నాడు మణికర్ణుడు.

"ఏం లెక్క?"

"మూడు, నాలుగు, అయిదు, ఆరు. మనం ఏ మెట్టకి చేరినా దుర్గం ఒక మజిలీ వెనక్కి జరుగుతోంది. కొండలు జరగవు గదా ఓబన్నా."

అతను దారి పక్కన రాతి మీద కూర్చున్నాడు. మనసు మొద్దుబారిన మాట నిజమేగాని బుర్ర మొద్దుబారలేదు. పైగా దిగులు అడ్డురాకపోవడంతో ఆలోచన నీళ్ళలో గులకరాయిలా స్పష్టంగా కనిపించింది. బొల్లి మొదట చెప్పిన రెండు మజిలీలు ఏ దారివి? వంతెన దారివే. వంతెన ఉన్నప్పుడు కఠారి ఒకటని వాయిస్తే, దానికి బొల్లి ఒకటి కలుపుకున్నాడు. వంతెన కూలింది. కూలిన కబురు కఠారి చెప్పేలోపలే, బొల్లి అదే పాతమాట తిరిగి కఠారికే వాయించాడు. కఠారి అది వేరే దారనుకున్నాడు. అప్పటి నుంచి ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు ఒకటి చొప్పున పేర్చుకుంటూ పోతున్నారు. ఇలా పదహారుదాకా పేర్చితే గాని దారి లేదని వాళ్ళకి తెలియదు. అప్పటికి తరళిక గుండెకి మంచు చేరుతుంది.

ఇదంతా అతనికి రూఢిగా తెలియాలంటే అడగకూడని మాట అడగాలి.

వంతెనమెట్ట చేరగానే అడిగేశాడు. "నాయకా, బొల్లి చెప్పే దూరం ఏ దారిన?"

కఠారినాయకుడి మొహం నల్లబడింది. చెయ్యి ఒరమీదికి పోయింది. "దళవాయిగారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి."

"తీసుకోను."

"అయితే నన్ను తప్పుపట్టకండి!"

కత్తి మెరిసింది. మణికర్ణుడు పక్కకి దూకాడు, కత్తి రాతి మీద పడి నిప్పురవ్వలు లేచాయి. అతనూ కత్తి దూశాడు. తెగిన వంతెన అంచున, ఒక అడుగు తప్పితే అగాధం అన్నచోట, ఇద్దరూ గద్దల్లా కలబడ్డారు. కఠారి బలవంతుడు. అతని వేటుకి మణికర్ణుడు వెనక్కి, ఇంకా వెనక్కి జరిగాడు. మడమ కింద రాయి ఒకటి జారి లోయలోకి పోయింది, కిందపడ్డ చప్పుడైనా వినిపించలేదు. నల్లోబన్న కెవ్వుమన్నాడు. కఠారి కత్తి మరోసారి లేచి, మణికర్ణుడి ఎడమ ముంజేతిని చీల్చుకుంటూ దిగింది.

మణికర్ణుడు కనీసం అటు చూడలేదు. కుడిచేత్తో కత్తి ఆడిస్తూనే ఉన్నాడు.

కఠారి ఆగిపోయాడు. "దళవాయిగారూ... రక్తం."

"అలాగా," అన్నాడు మణికర్ణుడు, తడిసిన చెయ్యి చూసుకుని.

ఆ ఒక్కమాటకి కఠారి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎంతోమందిని నరికినవాడే, కాని నరికితే 'అలాగా' అన్నవాణ్ణి చూడలేదు. కత్తి కింద పడేసి, "కదలకండి, పసరు తెస్తా," అంటూ కొండచరియ దిగి, హోరులో ఏ చప్పుడూ వినబడని జలపాతం పక్కన పెరిగే ఆకు కోసుకురావడానికి పరుగెత్తాడు. మనిషి మంచివాడు మరి.

అప్పటికి సాయంకాలపు నగారా వేళ అయింది. మణికర్ణుడు చుట్టూ చూసి కర్ర అందుకున్నాడు. తుమ్మమెట్ట వైపు తిప్పిన నగారా మీద, ఏ కోటకీ లేని దరువు ఒకటి అప్పటికప్పుడు అల్లి వాయించాడు. తకిట తకిట ధిమి, తకిట తకిట ధిమి. దాని వెనక ఒకే ఒక్క దెబ్బ. ఆ పేరులేని కోట ఇక్కడికి ఒక్క మజిలీ అని దాని అర్థం. తర్వాత కర్ర ఎక్కడిదక్కడ పెట్టి బుద్ధిగా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే తుమ్మమెట్ట నగారా మోగింది. తకిట తకిట ధిమి, తకిట తకిట ధిమి. వెనక రెండు దెబ్బలు.

కఠారి ఎగిరి గంతేశాడు. "విన్నారా! కొత్త కోట! ఎవరు కట్టారో మహానుభావుడు! బొల్లికి రెండు, నాకు మూడు మజిలీలు!"

అతని మాట పూర్తికాకముందే ఉప్పువర్తకులు మూటలెత్తుకున్నారు. శంఖదుర్గం ఎటూ దొరకడం లేదు, ఈ కోటలోనైనా ఉప్పు అమ్ముకుందామని వాళ్ళ ఆశ. కోట సంగతి దేవుడెరుగు, బేరానికి మాత్రం తొందరే.

"కట్టింది నేనే," అన్నాడు మణికర్ణుడు. "నిన్న సాయంత్రం నీ నగారా మీద కట్టాను. ఒక్క దెబ్బ వేశాను. బొల్లి దానికి ఒకటి కలిపి నీకే తిరిగి పంపాడు. నువ్వు ఇంకొకటి కలుపుతున్నావు."

కఠారినాయకుడు నగారా వైపు ఒకసారి, తుమ్మమెట్ట వైపు ఒకసారి చూశాడు. మీసాలు మెల్లగా కిందికి వాలాయి.

"అయితే శంఖదుర్గం కూడా..."

"నీ గొంతే నీకు వినబడుతోంది."

"నేను ఒక్క అబద్ధం ఆడలేదు దళవాయిగారూ!"

"బొల్లీ ఆడలేదు. ఇద్దరిలో ఒక్కడు అబద్ధాలకోరైనా ఈపాటికి పట్టుబడేవాడు."

కఠారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన మాట నమ్మి ఎంతమంది ఎన్ని పూటలు ఊరికే నడిచారో తలచుకుంటే అతనికి సిగ్గేసింది, భయమూ వేసింది. మణికర్ణుడికి జాలి కలగవలసిన చోటు అది. కలగలేదు.

"నగారా ముందు నిలబడు," అన్నాడు. "బొల్లి ఏం వాయించినా శంఖదుర్గం మాట ఇక వినకు. పదహారు కొట్టు. ఇవాళ్టి నుంచి నువ్వూ బొల్లీ ఇద్దరూ ఒకటి గుర్తుపెట్టుకోండి. ఏ దిక్కు నుంచి కబురు విన్నారో ఆ దిక్కు నగారా మీద ఆ కబురు మళ్ళీ వాయించకండి. చెప్పినవాడికే తిరిగి చెప్పడం దేనికి?"

కఠారి కర్ర ఎత్తాడు. శంఖదుర్గం దరువు మోగింది. తర్వాత దెబ్బలు. ఒకటి, రెండు, మూడు... పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడు. ఎడ్లు చెవులు రిక్కించాయి. పదిహేనో దెబ్బ తర్వాత కఠారి చెయ్యి గాలిలోనే ఆగింది. తన మెట్ట నుంచి ఒక కోట లేదని చెప్పడం అతని వంశంలోనే ఎవరూ చెయ్యని పని. కళ్ళు మూసుకుని పదహారోది కొట్టాడు.

బిడారు తుమ్మమెట్ట చేరేసరికి బొల్లినాయకుడు గుమ్మంలోనే ఎదురై చేతులు నలుపుకుంటున్నాడు. "దారి ఉంది దళవాయిగారూ! ఉత్తరాన జంటరాళ్ళ మెట్టవాడు తొమ్మిదని వాయిస్తున్నాడు. అంటే నాకు పది."

"ఎప్పటి నుంచి వాయిస్తున్నాడు?"

బొల్లి నేలచూపులు చూశాడు. "రోజూ రెండుపూటలా. కనుమ గాలికి నా దెబ్బ వాడిదాకా పోదుగాని, వాడిది నాకు బాగానే వినబడుతుంది. చిన్న అంకె వినబడుతుంటే పెద్దదాన్ని ఎవరు పట్టించుకుంటారండీ?"

అసలు దారిని ఎవరూ దాచలేదు. రోజూ నగారా వేసి మరీ చెబుతున్నారు. దొంగ అంకె చిన్నది కావడంతో నిజం అంకె చెవికెక్కలేదు. మణికర్ణుడు మజ్జిగ కూడా తాగకుండా బిడారును ఉత్తరానికి తిప్పాడు.

జంటరాళ్ళ కనుమ దాటడం మాటలు కాదు. రెండు వైపులా నింగినంటే నల్లరాళ్ళు, వాటి నెత్తిన వేలాడే మంచుకత్తులు, మధ్యలో ఒక ఎద్దు పట్టేంత సందు. గాలి ఆ సందులో దూరినప్పుడల్లా వెయ్యి వీణల తంత్రులు ఒక్కసారి తెగినట్టు మోగుతోంది. బిడారు సగం లోపలికి వచ్చాక ముందున్న పొగమంచు కదిలింది. దానికి కళ్ళు వచ్చాయి. కోరలు వచ్చాయి.

"తోడేళ్ళు!" అని నల్లోబన్న అరిచాడు.

అవి తుహినదంష్ట్రుడి మంచుతోడేళ్ళు. చప్పుడు లేకుండా దూకాయి. మొదటిది ముందున్న ఎద్దు మెడ మీదికి లంఘించింది. మణికర్ణుడు మధ్యలోకి దూకి, తెరిచిన దాని నోట్లో తన ఎడమచెయ్యి మోచేతిదాకా దూర్చేశాడు. తోడేలు కొరికింది. కొరికి, ఎదుటివాడు అరవకపోయేసరికి తికమకపడింది. అంతలో కుడిచేతి కత్తి దాని గొంతులో దిగింది. రెండోది ఒక పెరికెను చీల్చింది. కుండ పగిలి నిప్పుతేనె దాని ముఖాన చిందింది. బుస్సుమని ఆవిరి లేచి, తోడేలు ఉన్నచోట నీళ్ళమడుగు మిగిలింది. మిగతావి అది చూసి వెనక్కి తగ్గాయి. నల్లోబన్నకి కిటుకు తెలిసిపోయింది. కాగడా ఒకటి తేనెలో ముంచి, వెలిగించి, నోటికొచ్చిన తిట్లన్నీ తిడుతూ కనుమ అవతలిదాకా వాటిని తరిమాడు.

కనుమ దాటాక మణికర్ణుడు చొక్కా విప్పి చూసుకున్నాడు. తిమ్మిరి మోచెయ్యి దాటి భుజందాకా వచ్చింది.

"ఓ చుక్క నాకు సామీ," అని నల్లోబన్న తేనెకుండ ముందుకు తోశాడు.

"దుర్గంలో జనం ఎక్కువ, కుండలు తక్కువ," అని మణికర్ణుడు చొక్కా తొడుక్కున్నాడు. "నేనొక కుండ తీసుకుని ముందు పరుగెత్తుతాను. నువ్వు ఎడ్లు నడిపించుకురా. ఆగకు."

నల్లోబన్న తల గోక్కున్నాడు. "ఒక్కమాట ముందే చెప్తా సామీ, తర్వాత తిట్టగాకు. పదహారు వినపడిందంటే నేను తిరిగిపోతా. పదహారు పడినాక బిడారు ముందుకి నడిపితే ఉరి. నాకు నలుగురు బిడ్డలుండారు."

"తెలుసు," అన్నాడు మణికర్ణుడు.

మెట్ట వెనక మెట్ట దాటుతూ పరుగెత్తాడు. చేరిన ప్రతిచోటా అంకె ఒకటి తగ్గుతూ వచ్చింది. వేరే ఎవరైనా అయితే ఆ తగ్గే అంకెలు విని ప్రాణం లేచొచ్చి పాట పాడుకునేవారు. అతను శ్వాస లెక్కపెట్టుకుంటూ పోయాడు. చివరికి, శంఖదుర్గానికి ఒక్క మజిలీ ఇవతల, గద్దమెట్ట ఎక్కాడు. పొద్దు వాలుతోంది. ఎదుటి కొండ మీద దుర్గం, తెల్లటి గొంగళి కప్పుకున్నట్టు మంచులో మునిగి ఉంది.

గద్దమెట్ట కాపరి ఎల్లసాని. నెరిసిన జుట్టు ముడేసి, కొంగు నడుముకి బిగించి, నగారా ముందు చెవి ఒగ్గి నిలబడి ఉంది. అతన్ని చూసి కూడా తల తిప్పలేదు.

"శంఖదుర్గం ఎంత దూరం?" అన్నాడు మణికర్ణుడు.

"నిన్నటిదాకా ఒకటి. ఇయ్యాల సంగతి చెప్పలేను నాయనా. అయిదు పూటలుగా ఆ నగారా మూగబోయింది. ఈ పూట కూడా మోగకపోతే ఆరు. ఆరు పూటలు పొరుగుమెట్ట పలక్కపోతే చచ్చినట్టే లెక్క. నేను పదహారు కొట్టాల్సిందే."

"కొట్టకు. నా బిడారు రెండు మెట్టల వెనక ఉంది. పదహారు వింటే వెనక్కి పోతుంది."

"పోతాది."

"ఒక్కపూట ఆగు. ఈ పూటకి ఒకటని వాయించు."

ఎల్లసాని అప్పుడు అతని వైపు తిరిగింది. "వినని మాట నేను వాయించను. నా దెబ్బని నమ్మి ఏ మూల ఎవుడు నడుస్తున్నాడో నాకు తెలీదు. నా వెనక కొండలు ఎన్నున్నాయో కూడా తెలీదు. తెలిసిందల్లా విన్నది చెప్పడమే. అది కూడా బొంకితే ఇంక నేనెందుకు ఇక్కడ?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నాలుగు రోజుల కిందట కఠారిని నిలబెట్టి మణికర్ణుడు పదహారు కొట్టించిందీ అందుకే.

"దుర్గంలో నగారా వాయించేది నా చెల్లెలు," అన్నాడు.

ఎల్లసాని ముఖం మారిపోయింది. "తరళికా? నువ్వు ఆ పిల్ల అన్నవా?" కొండ వైపు చూసింది. "ఆ పిల్ల మొహం నేనెప్పుడూ చూడలా. ఎన్నేళ్ళ నుంచో పొద్దునా సాయంత్రం వింటన్నా. తన కోట దరువు తనే వాయించుకుంటాది. వెనక దెబ్బలుండవు గదా, తనకి తను దూరమేముంది. దరువు చివరి దెబ్బకి ముందు రవ్వంత ఆగుద్ది. నిద్రమత్తో, ఏదన్నా గుర్తొచ్చుద్దో. నేను మా ఇంట్లో కూర్చుని, 'ఇంక కొట్టవే పిల్లా' అనుకుంటా. అప్పుడు కొట్టుద్ది."

మణికర్ణుడికి ఆ సంగతి తెలియదు. చెల్లెలి చేతివాటం పొరుగుమెట్ట ఆవిడకి తెలుసు, తోడబుట్టినవాడికి తెలియదు.

పొద్దు కొండ అంచుకి ఇంకా బారెడు ఎత్తున ఉంది. ఎల్లసాని నగారా కర్ర చేతిలోకి తీసుకుంది. తీసుకుని, ఏదో ఆలోచించి, మెల్లగా అంది: "వినని మాట చెప్పను నాయనా. విన్నదాన్ని మాత్రం ఎవురు వాయించారు, ఏ దారిన వచ్చింది అని అడగను. అడక్కూడదని శాసనం. పొయ్యి మీద గంజి పొంగుతున్నట్టుంది, చూసొస్తా."

ఆమె లోపలికి పోయింది. పొయ్యి మీద ఏ గంజీ లేదు. గోడకి మాత్రం పాత నగారా ఒకటి వేలాడుతోంది.

మణికర్ణుడు దాన్ని భుజానికి తగిలించుకున్నాడు, తేనెకుండ చంకన పెట్టుకున్నాడు, ఎడ్లు దిగలేని అడ్డదారి పట్టి దుర్గం వైపు పరుగు తీశాడు. రాళ్ళు, ముళ్ళు, జారుడు మంచు. ఒకచోట పడ్డాడు, లేచాడు. దుర్గం ద్వారం మసగ్గా కనిపించేదాకా, తిమ్మిరిమంచు మోకాళ్ళని ముంచేదాకా వెళ్ళి, అక్కడ నగారా దించి గద్దమెట్ట వైపు తిప్పాడు. సూర్యుడిది నెత్తి ఒక్కటే మిగిలింది. కుడిచేత్తో కర్ర ఎత్తాడు. అబద్ధం వాయించబోతున్నానని అతనికి తెలుసు. దారి లేనిచోట ఉందనే కబురు మనుషుల్ని ఏం చేస్తుందో అతని కంటే బాగా ఎవరికీ తెలియదు.

శంఖదుర్గం దరువు మోగించాడు. చివరి దెబ్బకి ముందు ఆగాడు.

ఆ ఆగినచోట అతనికి నొప్పి తెలిసింది. తెగిన ముంజేతిలో కాదు, తోడేలు కొరికినచోట కాదు. తరళిక ఇంక లేదేమో అన్నమాట అప్పుడు నొప్పి పెట్టింది. ఎంత నొప్పంటే, కర్ర జారిపోబోయింది. బిగించి పట్టుకుని చివరి దెబ్బ వేశాడు.

కొండలన్నీ చెవులు నిక్కించినట్టు నిశ్శబ్దం. తర్వాత గద్దమెట్ట మీద ఎల్లసాని నగారా లేచింది. శంఖదుర్గం, ఒకటి. దానికవతల, సన్నగా, శంఖదుర్గం, రెండు. ఇంకా అవతల మూడు, వినీ వినబడకుండా. ఎక్కడో నల్లోబన్న ఆ దెబ్బలు లెక్కపెట్టుకుని ఎడ్లని అదిలించి ఉంటాడు. ఎక్కడో పెళ్ళికొడుకు జేబులోంచి బాసికం బయటికి తీసి ఉంటాడు. శంఖదుర్గంలో మనుషులు బతికే ఉన్నారని ఆ సాయంత్రం రాజ్యమంతా నమ్మింది, ఒక్క మణికర్ణుడు తప్ప.

అతను నగారాని మంచులోనే వదిలేసి, కన్నీళ్ళు తుడుచుకోకుండా ద్వారందాకా పరుగెత్తాడు. లోపల ఎవరైనా బతికి ఉంటే మాంత్రికుడి భయానికి గడియ వేసుకుని ఉంటారు, ఎంత పిలిచినా ఊరికే తియ్యరు అనుకుంటూ భుజం ఆనించి తలుపు తోశాడు.

గడియ వేసి లేదు.